పరీక్షలకు నెల ముందే నడక మొదలుపెట్టండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏ కాలేజీ హాస్టల్ చూసినా సెమిస్టర్ పరీక్షల ముందు ఒకే తంతు. మొదట సాయంత్రం షటిల్ ఆగిపోతుంది. ఆపైన నిద్ర రాత్రి రెండింటికి జరుగుతుంది, టీ గ్లాసులు పెరుగుతాయి. మొదటి పేపరు నాటికి గదికొకరు ముక్కు చీదుతూ కనిపిస్తారు. నేరం వాతావరణం మీద పడుతుంది.

వాతావరణం పాత్ర కొంత ఉండవచ్చు. కానీ చదువుకు సమయం మిగలాలని మీరు వదిలేసిన ఆట, నడక, నిద్ర పాత్ర అంతకంటే పెద్దది. పరీక్షలు ఇంకా నెల ఉన్నాయనగా ఏం చేయాలో, పరీక్షల్లో ఏం వదలకూడదో, ఎక్కడ ఆపాలో ఇక్కడ వరుసగా చెబుతాను. చదువు తగ్గించమని మాత్రం చెప్పను.

ఒత్తిడికీ జబ్బుకీ ఉన్న సంబంధం ఎంత నిజమో ముందు చూడండి. షెల్డన్ కోహెన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1991లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంగ్లండులో 394 మంది ఆరోగ్యవంతుల ఒత్తిడి స్థాయిని ముందుగా కొలిచి, తర్వాత వారి ముక్కుల్లో జలుబు వైరస్‌ల చుక్కలు వేశారు. అతి తక్కువ ఒత్తిడి ఉన్నవారిలో సుమారు 27 శాతం మందికి జలుబు చేస్తే, అతి ఎక్కువ ఒత్తిడి ఉన్నవారిలో సుమారు 47 శాతం మందికి చేసింది. వైరస్ అందరి ముక్కులోకీ వెళ్లింది, జలుబు మాత్రం అందరికీ సమానంగా రాలేదు.

విద్యార్థులకు ఇంకా దగ్గరి ఉదాహరణ అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానిది. దంతవైద్య విద్యార్థులు పదకొండు మందికి నోటి పైభాగంలో చిన్న గాయం చేసి, అది మానడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కపెట్టారు. ఒకసారి వేసవి సెలవుల్లో, మరోసారి పరీక్షల ముందు. పరీక్షల సమయంలో గాయం మానడానికి సగటున 40 శాతం ఎక్కువ కాలం పట్టింది. ఒక్కరికి కూడా సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. పదకొండు మంది చాలా చిన్న గుంపే, ఒప్పుకుంటాను. అయినా పదకొండుకు పదకొండూ ఒకే వైపు మొగ్గితే కొట్టిపారేయడం కష్టం.

ఒక వారం ఏమీ మార్చకుండా రాసుకోండి

చిన్న నోటు పుస్తకం తీసుకోండి. ఫోనులో వద్దు, ఫోను తెరిస్తే అర్ధగంట పోతుంది. రోజూ పడుకునే ముందు అయిదు విషయాలు రాయండి: నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఈ రోజు ఎన్ని నిమిషాలు నడిచారు లేదా ఆడారు, ఎన్ని టీలు తాగారు, పదిలో ఎంత ఒత్తిడి అనిపించింది, గొంతు, ముక్కు, కడుపు ఎలా ఉన్నాయి.

ఏడు రోజుల తర్వాత ఆ పేజీ చూస్తే మీ బలహీనత ఎక్కడుందో తెలిసిపోతుంది. కొందరికి నడక బాగానే ఉంటుంది, నిద్ర ఉండదు. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ బస్సులో వచ్చిపోయే డే స్కాలర్లకు ప్రయాణంలోనే రెండు మూడు గంటలు కరిగిపోతాయి, వారి సమస్య వేరు. కాబట్టి పక్క గది మిత్రుడి టైంటేబుల్ మీకు పనికిరాదు. మీకు ఏది తక్కువో దానితోనే మొదలుపెట్టండి.

మీకు ఉబ్బసం, గుండె జబ్బు, తరచూ కళ్లు తిరగడం ఉంటే వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టరును కలవండి. అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట: రెండు అంతస్తులు ఎక్కేసరికే ఆయాసం వస్తుంటే అది బద్ధకం అనుకోకండి. రక్తహీనత మన దగ్గర చాలా మామూలు. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుంది. రక్తం తక్కువగా ఉన్నప్పుడు ముందు దాన్ని సరిచేసుకోవాలి, పరుగు తర్వాత.

నడకకు వేళ, చోటు, మోతాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు పని పడాలి. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు వేగంగా నడిస్తే కనీస లెక్క పూర్తవుతుంది. ఆ అరగంట ఒకేసారి దొరకకపోతే మూడు పది నిమిషాలుగా విడగొట్టుకోవచ్చు.

మధ్యస్థం అంటే ఏమిటో తెలుసుకోవడానికి వాచీ కొనక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. హాయిగా పాట వస్తోందంటే వేగం చాలదు. మాట కూడా తెగిపోతుంటే వేగం ఎక్కువైంది.

మొదటి వారం రోజుకు పదిహేను నిమిషాలు చాలు. రెండో వారం ఇరవై, మూడో వారం నుంచి అరగంట. మొదటి రోజే అయిదు కిలోమీటర్లు పరుగెత్తి, మర్నాడు పిక్కలు పట్టేసి, మూడో రోజు మానేసేవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. ఆ జాబితాలో చేరకండి.

చోటుకు కరువు లేదు. విజయవాడలో ఇందిరా గాంధీ మునిసిపల్ స్టేడియం ఉంది, బస్టాండు దగ్గర పద్మావతి ఘాట్ ఉంది. గుంటూరులో బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియం ఉంది. నాగార్జున విశ్వవిద్యాలయంలో చదివేవారికి ఆవరణే చాలినంత పెద్దది. ఆదివారం ఇంకొంచెం కష్టపడాలనిపిస్తే గుణదల కొండ మెట్లో, మంగళగిరి కొండ మెట్లో ఎక్కండి. మంగళగిరిలో స్వామికి పానకం అర్పించి, మీరు మంచినీళ్లు తాగండి.

వేళ విషయంలో మాత్రం మన ఊళ్లు కఠినం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కోస్తా ఉక్కపోత దానికి తోడు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కాబట్టి వేసవిలో ఉదయం ఏడు లోపు ముగించండి, లేదా సూర్యుడు అస్తమించాక మొదలుపెట్టండి. డిసెంబరు, జనవరిలో పొగమంచు పట్టిన తెల్లవారుజామున బందరు రోడ్డు పక్కన నడిస్తే బండ్ల పొగే పీలుస్తారు. ఆ రోజుల్లో కాస్త ఆలస్యంగా, చెట్లున్న చోట నడవండి.

హాస్టల్ గేటు దాటనివ్వరు అనే సమస్య నిజమైనదే, ముఖ్యంగా అమ్మాయిల హాస్టళ్లలో. అలాంటప్పుడు మేడ మెట్లు ఉన్నాయి. పది నిమిషాలు ఎక్కి దిగితే చాలా పని జరుగుతుంది. స్కిప్పింగ్ తాడు ఖరీదు తక్కువే. గదిలో సూర్య నమస్కారాలు, గోడకు ఆనించి పుషప్‌లు, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం కండరాల లెక్కకు సరిపోతాయి. వారానికి రెండు రోజులు ఇవి చేయండి.

ఇంతకూ నడిస్తే లోపల జరిగేది ఏమిటి? రక్తంలోని తెల్ల కణాల్లో చాలా భాగం రక్తనాళాల గోడలకు, ప్లీహం వంటి అవయవాలకు అంటిపెట్టుకుని ఉంటాయి. వేగంగా నడిచినప్పుడు రక్త ప్రవాహం పెరిగి, అడ్రినలిన్ విడుదలై, అవి కదిలి రక్తంలోకి వస్తాయి. వైరస్ సోకిన కణాలను చంపే సహజ హంతక కణాలు వాటిలో ముందుంటాయి. వ్యాయామం ఆగిన గంటా రెండు గంటల్లో అవి ఊపిరితిత్తులు, పేగులు వంటి చోట్లకు చేరతాయి. స్టేషన్లో కూర్చున్న పోలీసులను బీటుకు పంపినట్టు. రోజూ పంపితేనే గస్తీ జరుగుతుంది, ఆదివారం ఒక్కరోజు మూడు గంటలు క్రికెట్ ఆడితే మిగతా ఆరు రోజులు కుర్చీలే నిండి ఉంటాయి.

ఫలితం లెక్కల్లోనూ కనిపించింది. అమెరికాలో డేవిడ్ నీమన్ బృందం 1002 మందిని పన్నెండు వారాల పాటు గమనించి 2011లో వివరాలు ప్రచురించింది. వారానికి అయిదు రోజులు లేదా అంతకంటే ఎక్కువ వ్యాయామం చేసినవారు జలుబు, గొంతునొప్పి వంటి వాటితో గడిపిన రోజులు, దాదాపు ఏమీ చేయనివారితో పోలిస్తే 43 శాతం తక్కువ. ఇది గమనించి చూసిన లెక్క మాత్రమే. నడిచేవాళ్లు తిండిలోనూ నిద్రలోనూ మెరుగ్గా ఉండి ఉండవచ్చు. అలాంటి తేడాలను వీలైనంత సరిచేసి చూసిన తర్వాత మిగిలిన అంకె అది.

మోతాదు మించకండి

అదే నీమన్ 1987లో లాస్ ఏంజెలిస్ మారథాన్ పరుగెత్తినవారిని అడిగితే, పరుగు తర్వాతి వారంలో 12.9 శాతం మంది జబ్బుపడ్డామన్నారు. అంతే సాధన చేసి పరుగులో పాల్గొననివారిలో ఆ సంఖ్య 2.2 శాతం. దీనికి కారణం వ్యాయామమేనా, లేక నిద్రలేమి, ప్రయాణం, జనసమ్మర్దం, పోటీ ఆందోళన కలిసి చేసిన పనా అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు రెండో మాటే సబబుగా తోస్తుంది. మీకు మాత్రం ఏది నిజమైనా ఆచరణ ఒకటే: నిద్ర చాలని రోజున కఠిన వ్యాయామం పెట్టుకోకండి. రాత్రి మూడింటి వరకు చదివి, ఉదయం ఆరింటికి జిమ్‌లో బరువులెత్తడం క్రమశిక్షణ అనిపించుకోదు. ఆ రోజు తీరిగ్గా ఇరవై నిమిషాలు నడిచి ఊరుకోండి.

ఒత్తిడిని రెండుగా విడదీయండి

ఒత్తిడి అంతా చెడ్డది కాదు. వైవా గది బయట నిలబడ్డప్పుడు అరచేతులు తడుస్తాయి, గుండె దడదడలాడుతుంది. ఆ కాసేపటి ఒత్తిడికి శరీరం తొలి రక్షణ దళాన్ని సిద్ధం చేస్తుంది. అది నష్టం చేయదు. నష్టమంతా వారాలు, నెలలు సాగే ఒత్తిడితో. సెగర్‌స్ట్రోమ్, మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో దాదాపు మూడు వందల అధ్యయనాలను కలిపి చూసి తేల్చింది ఇదే. ఒత్తిడి ఎంత దీర్ఘంగా సాగితే రోగనిరోధక వ్యవస్థలోని దాదాపు అన్ని భాగాలూ అంతగా మందగిస్తాయి.

కారణాల్లో ముఖ్యమైనది కార్టిసాల్ అనే హార్మోను. మామూలుగా అది నిద్ర లేచిన కాసేపటికి ఎక్కువగా ఉండి, రాత్రికి తగ్గుతుంది. వాపును అదుపులో ఉంచడం కూడా దాని పనే. దిగులు నెలల తరబడి నడిస్తే రోగనిరోధక కణాలు కార్టిసాల్ మాట వినడం తగ్గిస్తాయి. అప్పుడు చిన్న వైరస్‌కు కూడా ముక్కు, గొంతు అతిగా వాచి ఇబ్బంది పెడతాయి.

కాబట్టి ఒక కాగితం మీద గీత గీసి ఎడమవైపు కాసేపటివి, కుడివైపు లాగుతున్నవి రాయండి. ల్యాబ్ రికార్డు, రేపటి మిడ్ పరీక్ష, సెమినార్ ఎడమవైపు. పాత బ్యాక్‌లాగ్‌లు, ఫీజు బాకీ, ప్లేస్‌మెంట్ భయం, ఇంట్లో గొడవ, రూమ్మేటుతో మాటలు లేకపోవడం కుడివైపు. ఎడమవైపువాటికి ఏమీ చేయనక్కర్లేదు, అవి జరిగిపోతాయి. కుడివైపు ఉన్న ఒక్కొక్కదాని పక్కన ఈ వారం చేయగల ఒకే ఒక పని రాయండి. ఫీజు అయితే ఆఫీసులో ఎవరిని కలవాలో కనుక్కోవడం. బ్యాక్‌లాగ్ అయితే మొదటి యూనిట్ పూర్తి చేయడం. చేయగలిగింది ఏమీ లేకపోతే అదీ రాయండి, "నా చేతిలో లేదు" అని. పని చిన్నదే, కానీ రాత్రి పదకొండుకు అదే ఆలోచన తిరిగి వచ్చినప్పుడు దానికి జవాబు ఇప్పటికే కాగితం మీద ఉంటుంది.

ఇంటి నుంచి వచ్చే ఫోను కొందరికి బలం, కొందరికి కొత్త బరువు. రోజూ రాత్రి "ఎంత వరకు చదివావు, పెదనాన్న కొడుక్కి ఎన్ని మార్కులొచ్చాయో తెలుసా" అనే మాటలు వినాల్సి వస్తుంటే, కసురుకోకండి, అలాగని ఫోను ఎత్తడం మానేయకండి. "అమ్మా, మార్కుల సంగతి ఆదివారం తీరిగ్గా మాట్లాడుకుందాం, ఇప్పుడు ఇంట్లో ఏం వండావో చెప్పు" అనండి. చాలామంది అమ్మలు రెండో రోజుకే సర్దుకుంటారు. నాన్నలకు కొంచెం ఎక్కువ సమయం పడుతుంది.

పడుకునే ముందు అయిదు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. వదిలే ఊపిరి పొడవుగా ఉండటమే కిటుకు, అప్పుడే గుండె వేగం తగ్గుతుంది.

ఇవేవీ పని చేయక, రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు నిలవకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, నడకతో నెట్టుకురావాలని చూడకండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నిద్ర విషయంలో బేరం లేదు

కోహెన్ బృందంలోని వారే 2015లో మరో లెక్క బయటపెట్టారు. 164 మంది నిద్రను మణికట్టు పరికరంతో వారం రోజులు కొలిచి, తర్వాత జలుబు వైరస్ చుక్కలు వేశారు. ఏడు గంటలకు మించి నిద్రపోయినవారితో పోలిస్తే ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయినవారికి జలుబు వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంది. ఒత్తిడినీ ఇతర అలవాట్లనూ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా అలాగే నిలిచింది.

మీరు చేయాల్సింది నిద్ర లేచే వేళను కదపకుండా ఉంచడం. ఆరున్నర అనుకుంటే సెలవు రోజున కూడా ఆరున్నరే. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి పదకొండు, పదకొండున్నరకు దీపం ఆర్పండి. సాయంత్రం ఆరు గంటలకు తాగిన టీలోని కెఫీన్ రాత్రి పదకొండుకు కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి చివరి టీ నాలుగింటికి. మధ్యాహ్నం కునుకు ఇరవై నిమిషాలు మించకపోతే మంచిదే. బస్సులో వచ్చిపోయేవాళ్లు కిటికీ పక్క సీటు దొరికినప్పుడు ఫోను జేబులో పెట్టి కళ్లు మూసుకోండి.

తిండి గురించి కొద్దిగా. మెస్‌లో పప్పు, పెరుగు, గుడ్డు ఉన్న రోజున వదలకండి, రోగంతో పోరాడే ప్రతిదేహాలు తయారయ్యేది ప్రొటీన్లతోనే. గోంగూర, తోటకూర, జామకాయ, ఉసిరికాయ చాలు. రోగనిరోధక శక్తి పెంచుతామంటూ అమ్మే పొడులు, గోలీల మీద డబ్బు తగలేయకండి. విటమిన్ సి మాత్రలు రోజూ మింగినా మామూలు మనుషుల్లో జలుబు రాకుండా ఆగదు, వచ్చిన జలుబు కాస్త ముందు తగ్గుతుందంతే. ఒకరి నీళ్ల సీసాకు ఇంకొకరు నోరు పెట్టకపోవడం, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం వాటికంటే ఎక్కువ పని చేస్తాయి.

జబ్బు చేసినప్పుడు ఎప్పుడు ఆపాలి

మెడ పైన మాత్రమే ఇబ్బంది, అంటే ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గీరడం వరకే ఉంటే సగం వేగంతో నడవవచ్చు. పది నిమిషాల్లో నీరసం పెరిగితే వెనక్కి రండి. మెడ కిందికి దిగితే, అంటే ఛాతీలో దగ్గు, ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు ఉంటే పూర్తిగా ఆపండి. జ్వరం ఉంటే మరో మాటే లేదు. వైరస్ జ్వరంలో కష్టమైన వ్యాయామం చేస్తే అరుదుగానైనా గుండె కండరానికి వాపు రావచ్చు.

జలుబుకు యాంటీబయాటిక్ పని చేయదు, మందుల షాపులో పేరు చెప్పి తెచ్చుకునే అలవాటు మానండి. వానల తర్వాత వచ్చే జ్వరాన్ని చదువు ఒత్తిడి అనుకుని తోసేయకండి, మన దగ్గర అది డెంగీ కాలం. రక్తపరీక్ష అయ్యేవరకు పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు. జ్వరం తగ్గుతున్న రోజుల్లో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

జ్వరం పూర్తిగా తగ్గి, మాత్ర లేకుండా రెండు మూడు రోజులు గడిచాక పది నిమిషాల నడకతో తిరిగి మొదలుపెట్టండి. పాత అరగంటకు చేరడానికి వారం తీసుకోండి. డెంగీ, టైఫాయిడ్ వంటివైతే డాక్టరు చెప్పిన రోజు వరకు ఆగండి.

పరీక్షల పది రోజులు, ఆ తర్వాత

పరీక్షలు మొదలయ్యాక అరగంట కుదరదనిపిస్తే పదిహేను నిమిషాలకు తగ్గించండి, సున్నాకు మాత్రం వద్దు. పేపరు రాసి వచ్చిన సాయంత్రం నడవడం అన్నిటికంటే సులువు, ఆ గంటలో ఎలాగూ ఎవరూ చదవరు, జవాబులు సరిచూసుకుంటూ బెంగపడతారు. ఆ చర్చ నడుస్తూ చేయండి, లేదా అసలు చేయకండి. రాత్రి ఆరు గంటల నిద్రకు తగ్గకండి. పేపరుకు పేపరుకు మధ్య సెలవు ఉంటే ఆ రోజు పూర్తి నడక, పూర్తి నిద్ర.

చివరి పేపరు అయిన మర్నాడు మేలో మధ్యాహ్నం పూట క్రికెట్ టోర్నమెంటు పెట్టుకునే బృందాలు ఉంటాయి. నెలంతా చాలని నిద్ర, ఒక్కసారిగా వదిలిన ఒత్తిడి, మండే ఎండ కలిస్తే ఇంటికి జ్వరంతోనే వెళ్తారు. మొదటి రెండు రోజులు తనివితీరా నిద్రపోండి, సాయంత్రం మామూలు నడకే నడవండి. టోర్నమెంటు మూడో రోజు, ఉదయం ఆరింటికి పెట్టుకోండి. నీళ్ల క్యాను ముందే తెప్పించండి, మజ్జిగలో ఉప్పు వేయించడం మరవకండి.